బీటిల్స్‌లో చిన్నోడు

ధూల్‌పేట్ అనగానే వినాయక విగ్రహాలు, పతంగులు గుర్తొస్తాయి. ఆ పక్కనే, పురానాపూల్ దాపున జరిగే జుమ్మేరాత్ బజార్ సంగతి మాత్రం ఇప్పటి కుర్రకారులో చాలామందికి తెలీదు. జుమ్మేరాత్ అంటే గురువారం. అదో పాత సామాను సంత. తిరగని ఫ్యాన్లు, మూత లేని కుక్కర్లు, చెవి పోయిన తాళాలు, ముల్లు విరిగిన గడియారాలు... వాటి మధ్య, మీ టైం బాగుంటే, దుమ్ము కొట్టుకుపోయిన గ్రామఫోన్ రికార్డులు కూడా కనిపిస్తాయి. ఎక్కువగా సినిమా పాటలవే. ఎప్పుడో ఓ ఇంగ్లిష్ రికార్డు తగులుతుంది. అట్ట మీద జుట్టు పెంచిన నలుగురు కుర్రాళ్లుంటే మాత్రం వదలకండి.

రికార్డులు మళ్లీ ఫ్యాషన్ అయ్యాక కాలేజీ పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. క్లాసిక్ రాక్ వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? జాబితాలకి కొదవ లేదు. అరవైల నుంచి రెండు, డెబ్బైల నుంచి నాలుగు, ఎనభైల నుంచి ఇంకో రెండు అంటూ పేర్లు చెప్పేస్తారు. అవన్నీ విన్నా చివరికి ఏదీ ఒంటబట్టదు. దానికన్నా ఒకే మనిషిని పట్టుకుని, నాలుగు దశాబ్దాలు అతని వెనకే నడవడం మేలు. ఓ మనిషి ఎలా నేర్చుకున్నాడో, ఎక్కడ దెబ్బ తిన్నాడో, దేన్ని వదులుకున్నాడో రికార్డుల్లోనే వినిపిస్తుంది. అలా వెంట నడవడానికి నా ఓటు జార్జ్ హారిసన్‌కి. బీటిల్స్‌లో అందరికన్నా చిన్నవాడు. పాటల విషయంలో వెనకబెంచీవాడు.

ఎలక్ట్రీషియన్ కావాల్సినవాడు

1943 ఫిబ్రవరి 25న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టాడు. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. నాన్న హెరాల్డ్ బస్సు కండక్టరు, తర్వాత డ్రైవరు. ఇంట్లో కింద రెండు గదులు, పైన రెండు. మరుగుదొడ్డి పెరట్లో. పేరున్న బడిలోనే సీటు వచ్చింది కానీ చదువు అబ్బలేదు. నోటుబుక్కుల నిండా గిటార్ బొమ్మలే. ఏ సర్టిఫికెట్టూ లేకుండా బడి మానేసి, బ్లాక్లర్స్ అనే పెద్ద దుకాణంలో ఎలక్ట్రీషియన్ పనికి అప్రెంటిస్‌గా చేరాడు. అమ్మ లూయిస్ మాత్రం గిటార్ మానమనలేదు. వేళ్లు పుండ్లు పడేలా వాయిస్తుంటే పక్కన కూర్చుని వినేది.

బడికెళ్లే బస్సులో ఓ సీనియర్ పరిచయమయ్యాడు. పేరు పాల్ మెక్‌కార్ట్నీ. అతను తన బ్యాండ్ పెద్దన్న జాన్ లెనన్ దగ్గరికి తీసుకెళ్లాడు. 1958 సంగతి ఇది. జార్జ్‌కి ఇంకా 15 నిండాయో లేదో. ఈ పిల్లాడు మనకెందుకని లెనన్ విసుక్కున్నాడు. బస్సు పైఅంతస్తులో కూర్చుని ‘రాంచీ’ అనే ట్యూన్ (జార్ఖండ్ రాంచీ కాదు, అమెరికా వాయిద్య సంగీతం) తప్పులేకుండా వాయించి చూపించాక ఒప్పుకోక తప్పలేదు. 1960లో జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల కొద్దీ వాయించే ఉద్యోగం దొరికింది. అక్కడ జార్జ్‌కి 17 ఏళ్లే అని పోలీసులకి తెలిసింది. మైనరువంటూ దేశం నుంచి పంపించేశారు. ఒక్కడే రైలెక్కి ఇంటికొచ్చాడు.

ఆ తర్వాతి కథ లోకానికి తెలిసిందే. 1962లో మొదటి రికార్డు, మరుసటేడు ఇంగ్లండంతా వెర్రి, 1964లో అమెరికా. ఆ వెర్రి సంగతి పక్కన పెడదాం. మనకి కావాల్సింది ఆ హోరులో జార్జ్ స్థానం ఏంటన్నది. పాటలు రాసేది జాన్, పాల్. వాళ్లిద్దరూ జోడీ. ఆల్బమ్‌కి 14 పాటలుంటే జార్జ్‌కి ఒకటి, మహా అయితే రెండు. మంచి ఆఫీసులో, పెద్ద టీములో, గొప్ప సీనియర్ల కింద జూనియర్‌గా చేరినవాళ్లకి ఈ పరిస్థితి కొత్తగా అనిపించదు. నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. నిన్ను పట్టించుకోని చోటు కూడా అదే.

అరవైల నుంచి వినాల్సిన మొదటి ఆల్బమ్ ‘రివాల్వర్’. 1966 ఆగస్టులో వచ్చింది. జార్జ్‌కి ఏకంగా మూడు పాటలు దక్కాయి. మొదటి పాటే అతనిది, ‘టాక్స్‌మ్యాన్’. బాగా సంపాదించేవాళ్ల మీద బ్రిటన్ వేసిన భారీ పన్నుల మీద వెటకారం. ఇంకోటి ‘లవ్ యు టు’. దీన్ని మనవాళ్లు జాగ్రత్తగా వినాలి. పాట నడక సితార్‌తో, తబలాతో మొదలవుతుంది. 23 ఏళ్ల లివర్‌పూల్ కుర్రాడి చేతిలోకి సితార్ ఎలా వచ్చింది?

కాలు దాటిన పాఠం

1965లో ‘హెల్ప్!’ సినిమా తీస్తున్నప్పుడు ఇండియన్ రెస్టారెంటు సీనులో కొందరు వాద్యగాళ్లు కూర్చున్నారు. వాళ్ల దగ్గర సితార్ చూసి జార్జ్‌కి కుతూహలం పుట్టింది. లండన్‌లో మన దేశపు వస్తువులమ్మే దుకాణంలో ఓ మామూలు సితార్ కొన్నాడు. అదే ఏడాది ‘నార్వేజియన్ వుడ్’ పాటలో వాయించాడు. కుర్రకారు ఊగిపోయారు. పండిట్ రవిశంకర్ మాత్రం విని మెచ్చుకోలేదు. సితార్ అలా వాయించే వాద్యం కాదు మరి.

1966 జూన్‌లో లండన్‌లో అయన అంగడి అనే కన్నడిగుడి ఇంట్లో ఇద్దరూ కలిశారు. నేర్పుతారా అని జార్జ్ అడిగాడు. ఎన్నేళ్లు పడుతుందో, ఎంత సాధన కావాలో రవిశంకర్ దాపరికం లేకుండా చెప్పాడు. ఎలా కూర్చోవాలి, ఎలా పట్టుకోవాలి అన్నదగ్గర్నుంచి మొదలు. పాఠాల తొలిరోజుల్లో ఓసారి ఫోన్ మోగితే జార్జ్ లేచి సితార్‌ని కాలితో దాటి వెళ్లబోయాడు. రవిశంకర్ కాలి మీద ఒక్కటిచ్చాడు. వాద్యాన్ని దాటకూడదన్నది మొదటి పాఠం. దసరాకి పనిముట్లకి బొట్టుపెట్టే ఇళ్లలో పెరిగిన మనకి ఇది వివరించక్కర్లేదు. అప్పటికే ప్రపంచంలో అందరికన్నా పేరున్న బ్యాండ్‌లో ఉన్న కుర్రాడు మాత్రం ఆ దెబ్బకి అలగలేదు. అక్కడే నాకు జార్జ్ నచ్చుతాడు.

ఆ సెప్టెంబరులో బొంబాయి వచ్చాడు. జనం గుర్తుపట్టకుండా మీసం పెంచినా లాభం లేకపోయింది. హోటల్ ముందు గుంపులు చేరడంతో గురుశిష్యులు కశ్మీర్ వెళ్లి, శ్రీనగర్‌లో పడవ ఇంట్లో పాఠాలు సాగించారు. ఆ సాధన ఫలం 1967 నాటి ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్‌లోని ‘వితిన్ యు వితౌట్ యు’. ఆ పాటలో మిగతా ముగ్గురు బీటిల్స్ వాయించనే లేదు. జార్జ్, లండన్‌లోని భారతీయ వాద్యగాళ్లు, వయొలిన్లు అంతే. 1968 జనవరిలో మళ్లీ బొంబాయి వచ్చి, ఇక్కడి స్టూడియోలోనే ‘వండర్‌వాల్ మ్యూజిక్’ కోసం కొన్ని భాగాలు రికార్డు చేశాడు. సరోద్ ఆశిష్ ఖాన్, సంతూర్ శివకుమార్ శర్మ. బీటిల్స్‌లో ఎవరైనా సొంతంగా విడుదల చేసిన తొలి ఆల్బమ్ అదే. నిజం చెప్పాలంటే అతుకుల బొంతలా ఉంటుంది. ముందు వినాల్సింది కాదు, తర్వాత ఎప్పుడైనా వినండి.

అదే ఏడాది జార్జ్ సితార్‌ని పక్కన పెట్టేశాడు. వాద్యం మీద విసుగొచ్చి కాదు. గురువు ఎంత ఎత్తులో ఉన్నాడో దగ్గర్నుంచి చూశాక, అక్కడికి వెళ్లాలంటే చిన్నప్పుడే మొదలుపెట్టి ఉండాల్సిందని అర్థమైంది. ధూల్‌పేట్ కార్ఖానాల్లో దీన్ని ఇంకా తేలిగ్గా అర్థం చేసుకుంటారు. మట్టి పిసకడం ఎవరైనా మొదలుపెట్టొచ్చు, రంగులూ వేయొచ్చు. వినాయకుడి కళ్లు దిద్దడం మాత్రం చెయ్యి తిరిగినవాళ్ల పని. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో చూస్తూ పెరిగిన చేతికి, 20 ఏళ్లు దాటాక చేరిన చేతికి తేడా ఉంటుంది. జార్జ్ ఆ తేడా ఒప్పుకుని గిటార్ దగ్గరికి తిరిగొచ్చాడు. అయితే నేర్చిన రెండేళ్లూ వృథా కాలేదు. కొద్దికాలానికే గిటార్ తీగల మీద గాజుగొట్టం జార్చి వాయించే స్లైడ్ పద్ధతి పట్టుకున్నాడు. స్వరం నుంచి స్వరానికి మెట్లెక్కినట్టు కాకుండా జారుతూ పోవడం... మనవాళ్లు మీండ్ అనేది, కర్ణాటకంలో జారు అనేది. ఆ తర్వాత 30 ఏళ్లు, ఏ రికార్డులోనైనా రెండు సెకన్లు వింటే చాలు, ఇది జార్జ్ గిటార్ అని చెప్పేయొచ్చు.

అరవైల నుంచి రెండో సిఫారసు ‘ఆబీ రోడ్’, 1969 సెప్టెంబరు. ఇందులో జార్జ్ పాటలు రెండే. కానీ ఆ రెండూ ‘సమ్‌థింగ్’, ‘హియర్ కమ్స్ ద సన్’. రెండోది ఓ పొద్దున ఆఫీసు మీటింగు ఎగ్గొట్టి స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ తోటలో కూర్చుని రాసింది. స్పాటిఫైలో 100 కోట్లసార్లు మోగిన తొలి బీటిల్స్ పాట ఇదే, 2023లో. లెననూ మెక్‌కార్ట్నీ రాసిన వందల పాటల్ని దాటి, వెనకబెంచీ కుర్రాడి పాట. ‘సమ్‌థింగ్’ సంగతి ఇంకా చిత్రం. ఫ్రాంక్ సినాత్రా అంతటివాడు దాన్ని వేదికల మీద పాడుతూ, లెనన్ మెక్‌కార్ట్నీల పాటల్లో తనకి ఇష్టమైనదని చెప్పేవాడు. రాసినవాడి పేరు అక్కడా గల్లంతే.

ఎల్పీ కొనేవాళ్లకి ఇక్కడో మాట. బీటిల్స్ రికార్డులు మన దేశంలోనూ అచ్చయ్యాయి, కలకత్తా డమ్‌డమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీలో. వేరే దేశాల్లో పాతబడిపోయిన 78 స్పీడు రికార్డుల్లో కూడా వాళ్ల తొలి పాటలు ఇక్కడ వచ్చాయి. ప్రపంచమంతా సేకరణదారులు వాటికోసం వెతుకుతారు. సంతలో ఏదైనా దొరికితే ముందు అట్ట చూసి మురిసిపోకండి. లోపలి రికార్డు అదేనా కాదా లేబుల్ మీద చూడండి. ఎండలోకి తిప్పి గీతలు చూడండి. కంటి ఎదురుగా అడ్డంగా పట్టుకుని వంపు తిరిగిందేమో చూడండి. గోరుకి తగిలేంత గీత ఉంటే బేరమే వద్దు. ప్లేయర్ లేనివాళ్లు ఫోన్లో వినొచ్చు, నష్టం లేదు. ఒక్కటే షరతు: షఫుల్ తీసేయండి. ఎల్పీకి రెండు వైపులుంటాయి, వైపుకి సుమారు 20 నిమిషాలు. ఏ పాట తర్వాత ఏది రావాలో వాళ్లు కూర్చుని తేల్చుకున్నారు. ఆ వరుసలోనే వినండి.

మూలన పడ్డ పాటల పెట్టె

1969 జనవరిలో, కెమెరాల ముందు బీటిల్స్ కొత్త పాటలు సాధన చేస్తున్నారు. జార్జ్ తెచ్చిన ఓ పాటని కొన్ని రోజులు వాయించి చూసి వదిలేశారు. దాని పేరు ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’. ఆ నెల 10న గొడవపడి జార్జ్ బ్యాండ్ వదిలి వెళ్లిపోయాడు. పది పన్నెండు రోజులకి మాట్లాడుకుని మళ్లీ వచ్చాడు. అయినా చీలిక మూసుకోలేదు. 1970 ఏప్రిల్‌కి బ్యాండ్ పనైపోయింది.

ఆ నవంబరులో జార్జ్ మూడు ఎల్పీల పెట్టె ఒకటి విడుదల చేశాడు. పేరు, వదిలేసిన ఆ పాట పేరే. ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’. అన్నేళ్లుగా ఆల్బమ్‌లలో చోటు దొరక్క మూలన పడ్డ పాటలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. అందులో ‘ఈజ్న్‌ట్ ఇట్ ఎ పిటీ’ 1966 నాటిది. డెబ్బైల నుంచి ఒక్క ఆల్బమే వినే తీరిక ఉందంటే ఇదే వినండి. మొదటి రెండు ఎల్పీల్లో తీసేయాల్సిన పాట నాకైతే కనిపించదు. మూడోది స్నేహితులతో సరదాగా వాయించిన వాయింపుడు. భోజనమయ్యాక చేతులు కడుక్కోకుండా కబుర్లాడుతూ కూర్చున్నట్టుంటుంది. మానేసినా ఫర్వాలేదు.

ఇందులోని ‘మై స్వీట్ లార్డ్’ ఇంగ్లండ్, అమెరికా రెండుచోట్లా నంబర్ వన్. చర్చి పాటలా అల్లెలూయాతో మొదలై, తెలీకుండానే హరే కృష్ణలోకి, గురు శ్లోకంలోకి వెళ్లిపోతుంది. అదే అతని మెడకి చుట్టుకుంది. 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడిన ‘హీజ్ సో ఫైన్’ బాణీ ఇదేనని కేసు పడింది. 1976లో జడ్జి తీర్పు విచిత్రమైనది. జార్జ్ కావాలని కాపీ కొట్టలేదు, ఎప్పుడో విన్న ట్యూన్ తెలీకుండానే లోపల్నుంచి వచ్చేసింది, అయినా బాధ్యత అతనిదే అన్నాడు. ఈలోగా జార్జ్ మాజీ మేనేజరు అలెన్ క్లెయిన్, కేసు వేసిన కంపెనీ నుంచి ఆ పాట హక్కులు కొనేసుకున్నాడు. మొన్నటిదాకా జార్జ్ తరఫున మాట్లాడినవాడే అవతలిపక్షం! 1981లో కోర్టు 5,87,000 డాలర్లు కట్టమంది. సంగీతం, రీల్స్, డిజైన్, కోడ్... ఏది తయారుచేసేవాళ్లైనా చదవాల్సిన కేసు ఇది. ఆ తర్వాత కొన్నాళ్లు పాట రాయాలంటేనే జార్జ్‌కి భయమేసింది. ఆ భయాన్నే ఎగతాళి చేస్తూ 1976 ఆల్బమ్ ‘థర్టీ త్రీ అండ్ వన్ థర్డ్’లో ‘దిస్ సాంగ్’ పాడాడు.

డెబ్బైల్లో ఇంకో రికార్డుంది, తప్పక వినాల్సింది. తూర్పు పాకిస్తాన్‌లో 1970 తుపాను, వెంటనే 1971 మారణకాండ. లక్షల మంది శరణార్థులు మన బెంగాల్లోకి వచ్చిపడ్డారు. బెంగాలీ అయిన రవిశంకర్ ఓ కచేరీ చేసి 25 వేల డాలర్లు పోగుచేద్దామనుకుని శిష్యుణ్ని సాయమడిగాడు. జార్జ్ ఫోన్ పట్టుకుని నెలకి పైగా కూర్చున్నాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు ఆటలు, 40 వేల మంది జనం. బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్, బిల్లీ ప్రెస్టన్. టికెట్ల మీదే సుమారు 2,43,000 డాలర్లు. రాక్ సంగీతం ఓ ఆపద కోసం ఇంత పెద్ద ఎత్తున కదలడం అదే మొదలు. ‘ద కన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్’ ఆల్బమ్ మొదటి వైపు అంతా మన సంగీతమే. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా. శ్రుతి చేసుకుంటుంటేనే కచేరీ మొదలైందనుకుని జనం చప్పట్లు కొట్టేశారు. రవిశంకర్ నవ్వుతూ వాళ్లకి చురక వేయడం రికార్డులో వినిపిస్తుంది.

అంతా బాగానే ఉంది, కాగితాల పని తప్ప. సేవా సంస్థ పేరిట ముందే నమోదు చేయకపోవడంతో ఆల్బమ్ డబ్బు మీద అమెరికా పన్నుల శాఖ పట్టు పట్టింది. లక్షల డాలర్లు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. జార్జ్ ఆ తర్వాత తన పాటల ఆదాయానికి ముందే ఓ ధర్మసంస్థ పెట్టి, 1973 నాటి ‘లివింగ్ ఇన్ ద మెటీరియల్ వరల్డ్’ రాబడిలో చాలాభాగం దానికి రాసిచ్చాడు. ఆ ఆల్బమ్ నెమ్మదైనది. రాత్రిపూట వినండి.

1974 అమెరికా పర్యటన మాత్రం చేదు. గొంతు పోయింది. జనం బీటిల్స్ పాటలడిగితే అతను రవిశంకర్ బృందాన్ని ముందుకు తెచ్చాడు. పత్రికలు ఏకిపారేశాయి. ఆ ఏడాది ‘డార్క్ హార్స్’, మరుసటేడు ‘ఎక్స్‌ట్రా టెక్స్చర్’... రెండింటినీ అభిమానులు తప్ప ఎవరూ వినక్కర్లేదు.

తోటమాలి మళ్లీ వచ్చాడు

ఎనభైల మొదట్లో జార్జ్‌కి రికార్డుల వ్యాపారం మీదే మొహం మొత్తింది. ఫ్రయర్ పార్క్ అనే పాత భవంతిలో చెట్లు నాటుకుంటూ ఉండిపోయాడు. 1980లో అచ్చయిన తన పుస్తకాన్ని లోకంలోని తోటమాలులకి అంకితమిచ్చాడు. ఈమధ్యలో స్నేహితుల సినిమా ఒకటి డబ్బుల్లేక ఆగిపోతే, ఇల్లు తాకట్టు పెట్టి మరీ నిర్మాతయ్యాడు. మాంటీ పైథాన్ వాళ్ల ‘లైఫ్ ఆఫ్ బ్రయాన్’ అది. ఎందుకంటే, ఆ సినిమా తనకి చూడాలనిపించింది. 1980 డిసెంబరులో లెనన్ హత్య జరిగింది. 1982లో ‘గాన్ ట్రాపో’ ఎవరూ కొనలేదు. తర్వాత ఐదేళ్లు మౌనం.

1987లో ‘క్లౌడ్ నైన్’. ఎనభైల నుంచి ఇది వినండి. 44 ఏళ్ల మనిషి కుర్రాళ్లతో పోటీ పడకుండా, తన వయసుకి తగ్గట్టు, సరదాగా పాడాడు. ఇందులోని ‘గాట్ మై మైండ్ సెట్ ఆన్ యు’ 1988 జనవరిలో అమెరికాలో నంబర్ వన్ అయింది. అదే ఏడాది ఓ చిన్న పాట రికార్డు చేయాల్సొచ్చి బాబ్ డిలన్ గ్యారేజీలో చేరారు. జార్జ్, డిలన్, టామ్ పెటీ, రాయ్ ఆర్బిసన్, జెఫ్ లిన్. పాట బాగా రావడంతో ఆపబుద్ధి కాలేదు. ‘ట్రావెలింగ్ విల్‌బరీస్ వాల్యూమ్ వన్’ అలా పుట్టింది. అందరూ దొంగపేర్లు పెట్టుకున్నారు. పెద్ద పేరున్న ఐదుగురు ఒక్కచోట చేరితే ఎవరి గొప్ప వాళ్లు చూపించుకోవాలి కదా? ఇందులో అది లేదు. క్లాసిక్ రాక్ అంటే బరువైనదేమో అని భయపడేవాళ్లు అసలు ఈ రికార్డుతోనే మొదలుపెట్టొచ్చు.

తొంభైల్లో సొంత స్టూడియో ఆల్బమ్ లేదు. 1997లో మాత్రం గురువు కోసం నిర్మాతగా కూర్చున్నాడు. ‘చాంట్స్ ఆఫ్ ఇండియా’. కొంత చెన్నైలో, కొంత జార్జ్ ఇంట్లో రికార్డు చేశారు. మన బడుల్లో ప్రార్థనగా చదివే ‘సహనావవతు’ లాంటివి ఉంటాయి. రాక్ కాదు. కానీ 1965లో దుకాణంలో కొన్న సితార్ దగ్గర మొదలైన దారి ఎంత దూరం వచ్చిందో తెలియాలంటే వినాల్సిందే.

అప్పటికే గొంతు క్యాన్సర్ బయటపడింది. 1999 డిసెంబరు 30 తెల్లవారుజామున ఓ మతి చలించినవాడు ఇంట్లోకి చొరబడి కత్తితో పొడిచాడు. భార్య ఒలీవియా చేతికందిన వస్తువుతో వాణ్ని కొట్టి భర్తని కాపాడుకుంది. ఊపిరితిత్తి దెబ్బతిన్నా బతికాడు. వ్యాధి మాత్రం వదల్లేదు. 2001 నవంబరు 29న లాస్ ఏంజెలస్‌లో పోయాడు. 58 ఏళ్లు.

సగంలో ఉన్న పాటలెలా పూర్తి చేయాలో కొడుక్కి చెప్పి వెళ్లాడు. కొడుకు పేరు ధని. మన స్వరాల్లో ధ, ని కలిపి పెట్టిన పేరు. అతను, జెఫ్ లిన్ కలిసి పూర్తిచేసిన ‘బ్రెయిన్‌వాష్డ్’ 2002 నవంబరులో వచ్చింది. 2000 దశాబ్దం నుంచి నా సిఫారసు అదే. అందులో ‘మార్వా బ్లూస్’ అని మాటల్లేని ముక్క ఒకటుంది. మార్వా హిందుస్తానీ రాగం, సూర్యాస్తమయ వేళ పాడేది. సితార్ లేదు, గిటారే, గాజుగొట్టమే. 2004లో దానికి గ్రామీ ఇచ్చారు. ఆల్బమ్ చివరి పాట అయిపోయిందనుకుని ఆపేయకండి. వాద్యాల హోరు తగ్గాక తండ్రీకొడుకులిద్దరూ కలిసి పార్వతీపతిని తలుస్తూ నామజపం చేస్తారు. రికార్డు అక్కడ ఆగుతుంది.